నా గుండె ఆగితే ఎవరిని అడగాలి

ఎనభైల నడిమి మాట. నేను న్యూజెర్సీలోని పిస్కాటవేలో ఒక మందుల కంపెనీ లాబ్‌లో కెమిస్టుగా పనిచేస్తున్నాను. చలి మొదలవుతున్న రోజులు. ఒక మధ్యాహ్నం చేతిలోని గాజు పైపెట్ జారి సింక్‌లో పడి ముక్కలైంది. వేళ్ళు మొద్దుబారి ఉన్నాయి. అరికాళ్ళలో చీమలు పాకుతున్నట్టుంది. సాయంత్రం కారెక్కి బ్రేక్ మీద కాలు పెట్టానో లేదో కిందికి వంగి చూసుకుంటే గాని తెలియలేదు. ఏదో తేడా చేసిందని అప్పుడే అనిపించింది.

అమెరికాలో మా తెలుగువాళ్ళ మధ్య డాక్టర్లకు కొదవలేదు. ఆ శనివారం ఒకరింట్లో వ్రతానికి వెళ్తే హాలు నిండా వాళ్ళే. పులిహోర ప్లేటు చేత్తో పట్టుకునే నన్ను పరీక్షించేశారు. "బి కాంప్లెక్స్ వేసుకోండి" అన్నాడు ఒకాయన. "ఒంటరితనం అండీ, నెర్వ్స్" అన్నాడు ఇంకొకాయన. ఆయన భార్య నన్ను పక్కకు లాగి, "మెనోపాజ్ అయ్యుంటుంది, నాకూ అంతే" అంది. అందరివీ పెద్ద పెద్ద డిగ్రీలే. కానీ ఒక్కరంటే ఒక్కరు ప్లేటు కింద పెట్టి నా మోకాలి మీద తట్టి చూడలేదు. మర్నాటికి నేను మెట్లెక్కలేకపోయాను.

నన్ను హాస్పిటల్‌కి తీసుకెళ్ళింది రాజ్యం. రాజ్యం నా ఆడపడుచు, అంటే పోయిన మావారి చెల్లెలు. మావారు కారు యాక్సిడెంట్‌లో పోయాక మేమిద్దరం ఒక ఇంట్లోనే ఉండిపోయాం. తను కౌంటీ లైబ్రరీలో పనిచేస్తుంది. పెళ్ళి చేసుకోలేదు, చేసుకోమని చెప్పినవాళ్ళని మళ్ళీ ఇంటికి పిలవలేదు. "వదినా ఆడపడుచూ ఒకే ఇంట్లోనా! కొట్టుకోరూ?" అని మావాళ్ళందరికీ ఒకటే వింత. కొట్టుకుంటాం, మధ్యలో మీకేం నొప్పి?

ఎమర్జెన్సీ రూమ్‌లో ఒక కుర్ర డాక్టర్ నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇంట్లో ఏమైనా స్ట్రెస్ ఉందా, మామ్?" అన్నాడు.

"ఇంట్లో లేదు. ఇక్కడికొచ్చాకే మొదలైంది. న్యూరాలజిస్ట్‌ని పిలవండి" అంది రాజ్యం.

వచ్చిన న్యూరాలజిస్ట్ పొడుగాటి పెద్దాయన, మాట తక్కువ మనిషి. సుత్తితో మోకాలి మీద కొట్టాడు. కాలు కదల్లేదు. స్పైనల్ టాప్ చేసి వెన్నులోంచి నీరు తీశారు. ప్రోటీన్ ఎక్కువగా ఉందన్నారు. "గీలన్ బారే సిండ్రోమ్" అన్నాడాయన. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే మన నరాల మీద పడి, వాటి పై పొరని తినేస్తుందట. "బాగయ్యే ముందు ఇంకా పాడవుతుంది. కానీ ఎక్కువమంది బాగవుతారు. ఈ రెండో మాట మర్చిపోవద్దు" అన్నాడు. నేను మర్చిపోలేదు. మర్చిపోయినవాళ్ళ సంగతే చెప్పబోతున్నాను.

కాళ్ళు పోయాయి, చేతులు పోయాయి, ఆ వారంలోనే ఊపిరి కూడా బరువైంది. గొంతుకు రంధ్రం పెట్టి వెంటిలేటర్‌కి తగిలించారు. ట్రేకియాస్టమీ అంటారు. లోపల నేను నేనుగానే ఉన్నాను. అన్నీ వినిపిస్తున్నాయి, అన్నీ నొప్పి పెడుతున్నాయి. ముక్కు దురద పెడితే గోక్కోలేను. మాట పోయిన మనిషికి మతి కూడా పోయిందని చాలామంది లెక్క. ఐసీయూలో నన్ను చూడ్డానికి వచ్చిన మావాళ్ళు నా మంచానికి అటూ ఇటూ నిలబడి నా మీదుగా కబుర్లు చెప్పుకున్నారు. "పాపం, మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఏదీ కలిసిరాలేదు" అని ఒకావిడ నిట్టూర్చింది. మెనోపాజ్ ఆవిడైతే రాజ్యాన్ని, "మీ వదిన ఇప్పట్లో వాడదుగా, ఆ వెట్ గ్రైండర్ ఓసారి ఇస్తావా? మా ఇంట్లో గెట్‌టుగెదర్ ఉంది" అని అడిగింది. ఇండియా నుంచి నేను ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నంత పని చేసిన గ్రైండర్ అది! నోరుంటే ఏమనేదాన్నో ఇక్కడ రాయను.

ఆ తర్వాత పెద్ద దెబ్బ తగిలింది. ఒక శుక్రవారం గొంతులో చేరిన కఫాన్ని గొట్టంతో లాగుతుండగా నా గుండె ఆగిపోయింది. ఈ జబ్బులో అలా జరగొచ్చట. ఛాతీ మీద అదిమి అదిమి మళ్ళీ ఆడించారు. నాకు తెలివి వచ్చేసరికి కనురెప్పలు కూడా వాలిపోయి ఉన్నాయి. ఇక్కణ్ణుంచి విన్నవి నావి, చూసినవి తర్వాత రాజ్యం చెప్పినవి. నరాల జబ్బు అక్కడిదాకా పాకింది, అంతే. కానీ మా న్యూరాలజిస్ట్ అప్పుడు ఊళ్ళో లేడు. ఆయన బదులు చూస్తున్నాయన మంచం కాళ్ళ దగ్గరే నిలబడి, "బ్రెయిన్‌కి ఆక్సిజన్ అందలేదేమో. సోమవారం ఈఈజీ తీసి చూద్దాం. ఈలోగా మళ్ళీ గుండె ఆగితే ఏం చేయాలో ఫ్యామిలీ చెప్పాలి" అన్నాడు.

ఫ్యామిలీ విమానంలో దిగింది. మా అన్నయ్య.

మా అన్నయ్య షికాగో దగ్గర షామ్‌బర్గ్‌లో కార్డియాలజిస్ట్. గుండెకాయని తనే కనిపెట్టినట్టు మాట్లాడతాడు. వచ్చీ రాగానే చార్ట్ తిరగేశాడు, ఆ డాక్టర్ భుజం మీద చెయ్యేశాడు, నా మంచం పక్కనే నిలబడి తీర్పు చెప్పేశాడు.

"షీ ఈజ్ ఎ విడో. నో చిల్డ్రన్. మా చెల్లెలి సంగతి నాకు తెలుసు, ఇలా బతకడం తనకి ఇష్టముండదు. మళ్ళీ ఆగితే వదిలేయండి. నో హీరోయిక్స్."

నాకు ఒళ్ళంతా మండిపోయింది. ఆ ఒంటికి చేతనైన పని అదొక్కటే మిగిలింది. మొగుడు లేడు, పిల్లల్లేరు, కాబట్టి బతికి ఏం చేస్తుంది? ఇదీ ఆ మహా మేధావి లెక్క. నేను బతకాలనుకుంటున్నాను. ఎంత గట్టిగా అనుకుంటున్నానంటే, ఆ మెషీన్ ఒక్కొక్కసారి ఊపిరి తోస్తుంటే దానికి లోపల్నుంచి థాంక్స్ చెప్పుకుంటున్నాను.

"బావగారూ, ఆపండి. వదిన వింటోంది" అంది రాజ్యం.

డాక్టర్ రాజ్యం వైపు తిరిగి ఆమె ఎవరని అడిగాడు. అన్నయ్యే జవాబిచ్చాడు. "హర్ హజ్బెండ్స్ సిస్టర్. నో రిలేషన్."

నాతో ఒకే కప్పు కింద ఉంటూ, నా టాక్స్ పేపర్ల దగ్గర్నుంచి నా తలనొప్పి దాకా అన్నీ చూసే మనిషి నో రిలేషన్. ఏడాదికోసారి గ్రీటింగ్ కార్డు పంపే ఈయన రిలేషన్. చార్ట్‌లో డీఎన్ఆర్ అని రాసేశారు. అంటే గుండె ఆగితే ముట్టుకోవద్దని.

రాజ్యం ఇంటికెళ్ళి ఒక కాగితం తెచ్చింది. దాని కథ చెప్పాలి. అంతకుముందు మా అమ్మ కంటి ఆపరేషన్‌కి నేను ఇండియా వెళ్తూ, ఇక్కడి పనులన్నీ రాజ్యం చూసుకునేలా పవర్ ఆఫ్ అటార్నీ రాద్దామనుకున్నాను. లాయర్ దగ్గరికి వెళ్తానంటే పానకాలరావు గారు వెళ్ళనివ్వలేదు. ఆయన సివిల్ ఇంజనీరు. ఊళ్ళో తెలుగువాళ్ళందరి కాగితాలూ ఆయనే రాస్తారు, ఎవరూ అడగకపోయినా. "లాయరెందుకమ్మా, మా నాన్నగారు పొలానికి రాయించిన జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఫార్మాట్ నా దగ్గరుంది. హైకోర్టులో నిలబడ్డ కాగితం" అన్నారు. పొలం పేరు తీసేసి మా టౌన్‌హౌస్ నంబరు పెట్టి టైపు చేసిచ్చారు. చెట్లు, బావులు, గట్లు, బోదెలు, వాటిమీద సర్వహక్కులు అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. మా ఇంటి ముందు ఉన్నది ఒక్క మేపుల్ చెట్టు, అదీ కాలనీ అసోసియేషన్ వాళ్ళది. బ్యాంకులో నోటరీ ముందు సంతకం చేసి రాజ్యానికి ఇచ్చాను.

హాస్పిటల్ లాయర్ ఆ కాగితం నా గదిలోనే చదివింది. బావుల దగ్గర ఆగి కళ్ళజోడు సర్దుకుంది.

"ఇది మామూలు పవర్ ఆఫ్ అటార్నీ. రాసిన మనిషికి తెలివి ఉన్నంతవరకే చెల్లుతుంది. ఆవిడ ఇప్పుడు నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉంటే, ఇదీ అక్కడితో ఆగిపోయినట్టే. నేను అశక్తురాలినైనా ఈ అధికారం కొనసాగుతుంది అని ఒక్క వాక్యం ఉండాలి. అప్పుడు దాన్ని డ్యూరబుల్ అంటాం. ఇందులో ఆ వాక్యం లేదు. వైద్యం గురించి మాటే లేదు" అంది.

అంటే, నేను బాగున్నంతకాలం పనికొచ్చి, నాకు అవసరం పడ్డ క్షణాన చచ్చిపోయే కాగితం! వాన పడగానే ముడుచుకుపోయే గొడుగు. రాజ్యం పానకాలరావు గారికి ఫోన్ చేస్తే, "అక్కడైతే చెల్లేదమ్మా" అన్నారట. ఎక్కడ చెల్లుతుందో అక్కడే జబ్బు పడాల్సింది నేను, బుద్ధిలేక న్యూజెర్సీలో పడ్డాను.

ఇంకొకరైతే ఏడుస్తూ కూర్చునేవారు. రాజ్యం వచ్చి నా కుడి కనురెప్పని వేలితో పైకెత్తింది. వెలుతురు కత్తిలా గుచ్చింది. తన మొహం కనిపించింది, జుట్టు రేగిపోయి ఉంది. "వదినా, వింటుంటే కన్ను పైకి తిప్పు" అంది. నా ఒంట్లో ఇంకా నా మాట వినేది అదొక్కటే. పైకి తిప్పాను.

"రిఫ్లెక్స్" అన్నాడు కుర్చీలోంచి అన్నయ్య, పేపర్ దించకుండా.

"సరే, అక్షరాలు చెప్తా. కావలసిన వరస రాగానే తిప్పు. అచ్చులా? క వరసా? చ వరసా?" అంటూ మొదలుపెట్టింది. చిన్నప్పుడు పలక మీద దిద్దిన వర్ణమాల అంత అందంగా ఎప్పుడూ వినిపించలేదు నాకు. మన అక్షరాలన్నీ ఎంత చక్కగా వరసల్లో పేర్చి ఉన్నాయి! ముందు వరస పట్టుకోవడం, తర్వాత అందులో అక్షరం. య దగ్గర మొదలయ్యే వరస రాగానే కన్ను తిప్పాను. "య, ర, ల, వ" అంది. వ. తర్వాత త వరస. "త, థ, ద, ధ, న" అంది. న.

"వ, న. వనమా? వానా? కాదా? వి... విన్నా? విన్నావా వదినా? బావగారు అన్నదంతా విన్నావా?"

కన్ను పైకి తిప్పి అక్కడే నిలబెట్టాను. నీళ్ళు కారిపోతున్నా దించలేదు.

కుర్చీలో పేపర్ చప్పుడు ఆగింది. మా అన్నయ్య లేచి వచ్చి నా మొహంలోకి చూశాడు. ఆ క్షణంలో ఆయన రంగు చూసి ఉంటే మీకూ నాలాగే కడుపు చల్లబడేది. "అమ్మాయీ, నీ మంచికే అన్నాను" అని గొణిగాడు. నా మంచి! చచ్చాక దాన్ని ఏం చేసుకుంటాను?

సోమవారం న్యూరాలజిస్ట్ వచ్చాడు. ఆయన తెలివైనవాడు, రాజ్యం మాట కూడా నమ్మలేదు. "మీ భాష నాకు రాదు. మీరు బయట ఉండండి" అని ఇద్దరినీ పంపేసి, తనే నా రెప్ప ఎత్తి ఇంగ్లీషులో అడిగాడు. పైకి తిప్పితే అవును, కిందికి తిప్పితే కాదు. మీ భర్త బతికున్నారా? కిందికి. మీరు లాబ్‌లో పనిచేస్తారా? పైకి. ఇది టెక్సాసా? కిందికి. ఇంకా చాలా అడిగి చివరికి, "మీ గుండె ఆగితే మళ్ళీ ఆడించమంటారా?" అన్నాడు. కన్ను ఎంత పైకి పోతుందో అంత పైకి తిప్పాను. ఆయన చార్ట్‌లోని డీఎన్ఆర్‌ని పెన్నుతో అడ్డంగా కొట్టేసిన చప్పుడు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. నా జీవితంలో అంతకన్నా మంచి సంగీతం వినలేదు.

వెళ్తూ వెళ్తూ ఒక మాటన్నాడు. "ఇవాళ మీరు జవాబు చెప్పగలరు. రేపు జ్వరమొచ్చి తెలివి తప్పితే ఎవరు చెప్పాలో ఇవాళే తేల్చండి."

రాజ్యం ఈసారి పానకాలరావు గారిని కాదు, ఒక లాయరమ్మని తెచ్చింది. అదే రోజు. వైద్యం విషయంలో ఇలాంటి కాగితం ఎంతవరకు నిలబడుతుందో అప్పట్లో ఆవిడకే పూర్తిగా తెలియదు. ఆ మాట దాచకుండా చెప్పింది. లేకపోవడం కన్నా ఉండటం మేలంది. సరిగ్గా అప్పుడు మా అన్నయ్యకి శాస్త్రం గుర్తొచ్చింది. పాతికేళ్ళుగా షికాగోలో స్టేక్ తింటున్న మనిషి చేతి వాచీ చూసుకుని, "యమగండం. పైగా రేపు అమావాస్య. ఒంట్లో బాగాలేనప్పుడు ఇలాంటి చావు కాగితాలు రాయకూడదు. రెండ్రోజులు పోనివ్వండి" అన్నాడు.

"వదిలేయండి అన్నప్పుడు ఏ కాలమో చూశారా, బావగారూ?" అంది రాజ్యం.

లాయరమ్మ కాగితం పంక్తి పంక్తీ చదివింది. నేను అశక్తురాలినైనా ఈ అధికారం కొనసాగుతుంది అన్న వాక్యం నేను అడక్కుండానే రెండుసార్లు చదివింది. ఎవరికి ఇస్తారని పేర్లు అడిగింది. అన్నయ్య పేరు వచ్చింది. నా కన్ను కిందికి వెళ్ళింది. రాజ్యం పేరు వచ్చింది. పైకి వెళ్ళింది. నా తరఫున, నా అనుమతితో, సాక్షుల ముందు నోటరీ నా పేరు రాసింది. అన్నయ్య కిటికీ లోంచి పార్కింగ్ లాట్ చూస్తూ నిలబడ్డాడు. అక్కడ అంత చూడదగ్గది ఏముందో నాకు తెలియదు.

ఆ కాగితం ఊరికే పోలేదు. కొద్ది రోజులకే న్యుమోనియా వచ్చింది. జ్వరం తలకెక్కి నేను ఎక్కడున్నానో నాకే తెలియని రోజులు కొన్ని గడిచాయి. అన్నయ్య మళ్ళీ దిగి, ఎయిర్ ఆంబులెన్స్‌లో తన హాస్పిటల్‌కి మార్చేస్తానన్నాడట. దారిలోనే పోతుందని న్యూరాలజిస్ట్ అన్నాడట. రాజ్యం కాగితం తీసి చూపించి, "కదిలించడానికి వీల్లేదు" అంది. ప్లాస్మా ఎక్స్‌ఛేంజ్ అని అప్పుడు కొత్తగా వస్తున్న వైద్యం ఉంది. ఒంట్లో రక్తం బయటికి తీసి, దానిలోని నీటిభాగం మార్చి మళ్ళీ ఎక్కిస్తారు. పనిచేస్తుందో లేదో చెప్పలేమన్నారు. రాజ్యం అడగాల్సినవన్నీ అడిగి, చేయమని సంతకం పెట్టింది. దానివల్ల బాగయ్యానో, నా అంతట నేనే బాగయ్యానో ఎవరూ తేల్చి చెప్పలేదు. కదిలించి ఉంటే ఇది రాయడానికి ఉండేదాన్ని కాదని మాత్రం అందరూ తేల్చి చెప్పారు.

జబ్బు వచ్చిన దారినే వెనక్కి పోయింది, చాలా బద్ధకంగా. ముందు రెప్పలు, తర్వాత భుజాలు, చివరికి వేళ్ళు. గొంతు గొట్టానికి మూత పెట్టి మాట్లాడమన్న రోజు నర్సులంతా చుట్టూ చేరారు, ఏదో గొప్ప మాట వస్తుందని. "గ్రైండర్ తిరిగిచ్చారా?" అన్నాను. రాజ్యం నవ్వి నవ్వి మంచం పట్టీ మీద కూలబడింది. ఇవ్వలేదట.

రిహాబ్‌లో చిన్నపిల్లలా కూర్చోవడం, నిలబడటం, కడ్డీలు పట్టుకుని నడవడం నేర్చుకున్నాను. నేర్పేవాళ్ళు "గుడ్ జాబ్!" అని అరుస్తుంటే చిరాకొచ్చేది. చెంచా నోటిదాకా తీసుకెళ్ళడం జాబా? అయినా చేశాను. కొన్ని రోజులు వెనక్కి జారాను, పాదాల్లో మంటతో ఏడ్చాను, మళ్ళీ చేశాను.

ఇప్పుడు లాబ్‌లో పూర్తి రోజు పని చేస్తున్నాను. డ్రైవ్ చేస్తున్నాను. కాలి వేళ్ళు ఇంకా మొద్దుగానే ఉన్నాయి. మెట్లకు రెయిలింగ్ పట్టుకుంటాను. పార్టీలలో మా అన్నయ్య, "చెల్లెల్ని చావు నోట్లోంచి లాగాను" అని చెప్తుంటాడు. పులిహోర ప్లేట్లు తలలూపుతుంటాయి.

నా అనుభవం చదివినవాళ్ళకి ఒకటే చెప్తాను. ఒంట్లో బాగున్నప్పుడే ఆ కాగితం రాయించండి, ఈ దేశం లాయరు చేత. మీరు మాట్లాడలేని రోజున కూడా అది చెల్లుతుందన్న వాక్యం ఉందో లేదో మీ కళ్ళతో చదవండి. పెద్దవాడని, మగవాడని, డాక్టరని ఎవరి పేరూ రాయకండి. మీ కోసం గదిలో అందరితోనూ పోట్లాడే మనిషి పేరు రాయండి.

నేను చెప్తే వినేవాళ్ళు ఎవరా అనుకుంటుంటే, పోయిన నెల షామ్‌బర్గ్ నుంచి ఫోన్ వచ్చింది. మా అన్నయ్యకి బైపాస్ చేయాలట. గుండెని కనిపెట్టినవాడికే గుండె మొరాయించింది.

"చెల్లాయ్, నీ కాగితంలో ఆ వాక్యం ఓసారి చదువు. రాసుకుంటాను" అన్నాడు. చదివాను. వదిన పేరు పెడుతున్నావా అని అడిగాను.

"మీ వదిన ఎవరేం చెప్పినా సరేనంటుంది. పిల్లలు డాక్టర్లేం చెప్తే అది వింటారు. డాక్టర్ల సంగతి నాకు తెలుసుగా. రాజ్యం ఒప్పుకుంటుందేమో అడుగుతావా?"

నాకు నవ్వాగలేదు. ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టకుండానే రాజ్యానికి చెప్పాను. తను టేబుల్ దగ్గర చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. తలెత్తలేదు.

"ముందు నేను ఆయనకి ఏమవుతానో చెప్పమను."

అడిగాను. "అదేమిటి, మరదలు" అన్నాడు.

"ఇంగ్లీషులో చెప్పమను. హాస్పిటల్‌లో అడిగేది ఇంగ్లీషులోనేగా."

లాంగ్ డిస్టెన్స్ ఫోన్‌లో మా అన్నయ్య రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"ఫ్యామిలీ" అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

రాజ్యం ఇంకో చిక్కుడుకాయ ఈనె తీసి గిన్నెలో వేసింది.

"అయితే కాగితం పంపమను. చెట్లూ బావులూ లేకుండా రాయించమను."